ఇరవయ్యారు క్రెడిట్లు తర్వాత, ముందు మెడికల్

ప్రశ్న: మా అబ్బాయి పీయూసీ (ఇంటర్) పాసై బెంగళూరులో యలహంక వైపు ఒక ప్రైవేట్ యూనివర్సిటీలో బీఎస్సీ ఏవియేషన్‌లో చేరాడు. పైలట్ అవుతానంటాడు. మొదటి సెమిస్టర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్, ఇంగ్లిష్ తప్పనిసరి. వాటితోపాటు మెటియరాలజీ (వాతావరణ శాస్త్రం), ఎయిర్‌పోర్ట్ మేనేజ్‌మెంట్, పైథాన్, ఫ్రెంచ్ ఇచ్చి మమ్మల్నే ఎంచుకోమన్నారు. మామూలుగా 20 క్రెడిట్లు, కావాలంటే 26 దాకా తీసుకోవచ్చట. వీడేమో అన్నీ తీసుకుంటానని పట్టుబట్టి కూర్చున్నాడు. ఈ చదువు గురించి ఇంట్లో ఎవరికీ తెలియదు. ఏం చెప్పమంటారు?
– ఒక తల్లి, మారతహళ్లి

జవాబు: అమ్మా, ఆ సబ్జెక్టుల లిస్టును ఒక్క నిమిషం పక్కన పెట్టండి. మీ ఉత్తరంలో ఒక మాట కోసం వెతికాను, కనిపించలేదు. అబ్బాయికి మెడికల్, అంటే పైలట్లకు చేసే ఆరోగ్య పరీక్ష, చేయించారా?

పైలట్ కావాలనుకునేవాళ్లు ముందు డీజీసీఏ (పౌర విమానయానాన్ని నియంత్రించే కేంద్ర సంస్థ) గుర్తించిన డాక్టర్ దగ్గర క్లాస్ 2 మెడికల్ చేయించుకోవాలి. జీతానికి విమానం నడిపే కమర్షియల్ లైసెన్స్‌కు ఆ తర్వాత క్లాస్ 1 కావాలి. దాన్ని చేసే చోట్లలో ఒకటి మీ ఇంటికి దగ్గర్లోనే, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్. కళ్లజోడు ఉన్నంత మాత్రాన టెన్షన్ పడక్కర్లేదు, చూపు పరిమితుల్లో ఉంటే చాలు. నన్ను భయపెట్టేది రంగుల పరీక్ష. చుక్కల్లో దాగిన అంకెను గుర్తుపట్టలేనని డిగ్రీ మూడో ఏడాదిలో తెలుసుకున్న కుర్రాడొకడు నా ఎదుట కూర్చుని ఏడ్చాడు. అదే పరీక్ష మొదటి నెలలో చేయించుకుని ఉంటే వాడు ఎంచుకునే సబ్జెక్టులే వేరు.

ఇంకో సంగతి. కమర్షియల్ పైలట్ లైసెన్స్‌కు ఈ డిగ్రీ అక్కర్లేదు. 12వ తరగతిలో ఫిజిక్స్, మ్యాథ్స్, 18 ఏళ్ల వయసు, మెడికల్, డీజీసీఏ పరీక్షలు, కనీసం 200 గంటల ఫ్లయింగ్ ఉండాలి. అలాగని డిగ్రీ దండగని కాదు. ఫ్లయింగ్‌కు డబ్బు సర్దుబాటు కాకపోయినా, మధ్యలో ఆగిపోయినా చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా. కాకపోతే కాలేజీలో మెటియరాలజీ పాసైతే డీజీసీఏ మెటియరాలజీ కూడా అయిపోయినట్టేనని చాలామంది అనుకుంటారు. కాదు. అది విడిగా రాయాలి, అక్కడ 70 శాతం వస్తేనే పాస్. ఆ పరీక్షలకు డీజీసీఏ ఇచ్చే కంప్యూటర్ నంబర్ (అభ్యర్థి గుర్తింపు నంబర్) కావాలి, దానికి పీయూసీ మార్కులను బోర్డు ధ్రువీకరించాలి. ఈ కాగితాల పని ఇప్పుడే మొదలుపెట్టించండి.

ఇక లిస్టు. మెడికల్ బాగుంటే నేను మొదట టిక్ పెట్టేది మెటియరాలజీకే. పైలట్ ఈ సబ్జెక్టును రోజూ వాడతాడు. ఉదాహరణకు చలికాలం పొద్దున దేవనహళ్లి ఎయిర్‌పోర్ట్ నుంచి ఇలాంటి వాతావరణ రిపోర్టు రావచ్చు: ‘వీఓబీఎల్ 010030జెడ్ 00000కేటీ 0300 ఎఫ్‌జీ 16/16 క్యూ1017’. వీఓబీఎల్ అంటే మన ఎయిర్‌పోర్ట్. ఒకటో తారీఖు, అంతర్జాతీయ సమయం 00:30, అంటే మనకు పొద్దున ఆరు. గాలి లేదు. 300 మీటర్ల దాకే కనిపిస్తోంది, పొగమంచు. నాకు బాగా నచ్చేది ఆ 16/16. మొదటిది ఉష్ణోగ్రత, రెండోది డ్యూ పాయింట్, అంటే గాలిలోని తేమ నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత. రెండూ దగ్గరవుతున్నాయంటే పొగమంచుకు రంగం సిద్ధమైనట్టే. చివరి క్యూ1017 గాలి పీడనం. వాడిని రోజూ పొద్దున ఒక రిపోర్టు ఇలా విప్పి మీకు చెప్పమనండి. నెల తిరిగేసరికి చదివాడో లేదో మీకే తెలిసిపోతుంది.

మ్యాథ్స్, ఫిజిక్స్ ఎలాగూ తప్పవంటూ వాటిని తేలిగ్గా తీసుకుంటాడేమో చూసుకోండి. నావిగేషన్ అంటే సగం లెక్కలే. 100 నాట్ల (విమాన వేగాన్ని కొలిచే యూనిట్) వేగంతో నేరుగా ఉత్తరానికి వెళ్తున్న విమానానికి పడమటి నుంచి 20 నాట్ల గాలి తగిలిందనుకోండి. 20ని 100తో భాగించి 60తో గుణిస్తే 12. ముక్కును 12 డిగ్రీలు ఎడమకు తిప్పి పట్టుకుంటే విమానం దారి తప్పదు. ట్రిగొనామెట్రీతో చేస్తే పదకొండున్నర వస్తుంది, నోటిలెక్క అంత దగ్గరగా వస్తుందన్నమాట. ఈ రెండు సబ్జెక్టులతో ఇంకో లాభం ఉంది. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ ఉద్యోగాలకు బీఎస్సీలో ఫిజిక్స్, మ్యాథ్స్ అడుగుతుంది. మీ అబ్బాయి మార్కుల లిస్టులో ఆ రెండు పేర్లూ ఎన్ని సెమిస్టర్లు కనిపిస్తాయో కాలేజీలో అడగండి. చాలా కాలేజీల్లో అడిగేదాకా చెప్పరు.

ఫ్రెంచ్ వద్దు. ఆ టైమ్‌ను ఇంగ్లిష్ మాట్లాడటానికి వాడుకుంటే మేలు. అంతర్జాతీయ విమానాలు నడపాలంటే ఇంగ్లిష్ ప్రావీణ్యంలో కనీసం లెవల్ 4 రావాలి. విమానం నుంచి కంట్రోల్ టవర్‌తో మాట్లాడటానికి కావలసిన రేడియో లైసెన్స్ పరీక్షలో నోరు తెరిచి మాట్లాడాలి. రేడియోలో 3ని ‘ట్రీ’ అనీ, 5ని ‘ఫైఫ్’ అనీ, 9ని ‘నైనర్’ అనీ పలుకుతారు. వ్యాకరణంలో నూటికి నూరు వచ్చినవాళ్లు కూడా మైకు పట్టుకోగానే తడబడటం నేను చూశాను.

పైథాన్, ఎయిర్‌పోర్ట్ మేనేజ్‌మెంట్ మంచివే. మెడికల్‌లో తేడా వస్తే అవే ముందుకు వస్తాయి. బాగుంటే రెండిట్లో ఏదైనా తర్వాతి సెమిస్టర్లకు వదిలేయొచ్చు. 20 క్రెడిట్లు నిండటానికి ఇంకొకటి కావలసివస్తే పైథాన్ తీసుకోమంటాను.

26 మాత్రం వద్దేవద్దు. ఒక క్రెడిట్ అంటే వారానికి గంట క్లాసు, ల్యాబ్ అయితే రెండు గంటలు. ల్యాబులతో కలిపితే వారానికి 30 గంటలు దాటుతుంది. దానిమీద మారతహళ్లి నుంచి యలహంకకు, మళ్లీ వెనక్కి రోజూ ప్రయాణం. హెబ్బాళ ఫ్లైఓవర్ దగ్గర పొద్దుటిపూట పరిస్థితి మీకు నేను చెప్పాలా? ఇంటికొచ్చాక పుస్తకం తెరిచే ఓపిక ఎక్కడ మిగులుతుంది?

సబ్జెక్టులు మార్చుకోవడానికి కాలేజీ ఏ తారీఖు దాకా అవకాశం ఇస్తుందో రేపే ఆఫీసులో కనుక్కోమనండి. ఆ తారీఖుకు ముందే క్లాస్ 2 మెడికల్‌కు అపాయింట్‌మెంట్ తీసుకోండి. రిపోర్టు చేతికొచ్చిన రోజు లిస్టు మళ్లీ తెరవండి.