నెలకు 35 పౌండ్ల మొహమాటం

ప్రశ్న: మేము ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉంటున్నాం. నేను కేర్ హోంలో పనిచేస్తాను. మూడు క్రెడిట్ కార్డులు, ఒక పర్సనల్ లోన్, ఓవర్‌డ్రాఫ్ట్ కలిపి నా పేరున 15,840 పౌండ్ల అప్పు అయింది. రెండేళ్ల క్రితం ఒక ప్రైవేటు కంపెనీ ద్వారా డెట్ మేనేజ్‌మెంట్ ప్లాన్‌లో చేరాను. నెలనెలా వాళ్లకు ఒకే మొత్తం కడితే అప్పిచ్చినవాళ్లందరికీ వాళ్లే పంచుతారు. వడ్డీలు ఆపించారు. నెలకు 200 చొప్పున ఇప్పటికి 4,800 పౌండ్లు కట్టినా ఇంకా 11,880 బాకీ ఉందంటున్నారు. ఇదే పని ఉచితంగా చేసే సంస్థలు ఉన్నాయని తోటి ఉద్యోగిని చెప్పింది. మధ్యలో మారితే బ్యాంకులు కోర్టుకు వెళతాయేమో, నా అప్పుల చరిత్ర చూపే క్రెడిట్ రికార్డు మళ్లీ మొదటికి వస్తుందేమో అని భయంగా ఉంది. పైగా ఆ కంపెనీలో నా ఫైలు చూసే అబ్బాయి ఎంతో మర్యాదగా మాట్లాడతాడు. మానేస్తానని చెప్పడానికి మొహమాటం. గుంటూరులో బంగారం తాకట్టు మీద తీసుకున్న అప్పు కూడా ఉంది. దాన్ని ఇందులో కలపవచ్చా?

జవాబు: మారవచ్చు. మారాలి కూడా. మీరు పంపిన వార్షిక స్టేట్‌మెంట్ రెండో పేజీలో, అయిదుగురు రుణదాతల పేర్ల కింద, అన్నిటికంటే చిన్న అక్షరాల్లో ఒక వరుస ఉంది: నిర్వహణ రుసుము, 35.00. అది ప్రతి నెలా ఉంది. మీరు కట్టే 200లో అప్పుకు చేరుతున్నది 165 మాత్రమే. 24 నెలల్లో 840 పౌండ్లు రుసుముకే పోయాయి. 4,800 కట్టినా అప్పు 3,960 మాత్రమే ఎందుకు తగ్గిందో ఇప్పుడు తెలిసింది కదా.

ఇలాగే కొనసాగితే మిగిలిన 11,880 తీరడానికి సరిగ్గా 72 నెలలు పడుతుంది. అదే 200 మొత్తం అప్పుకే చేరితే 60 నెలల్లో తీరిపోతుంది. తేడా ఒక ఏడాది, డబ్బు రూపంలో చెప్పాలంటే 2,520 పౌండ్లు. మీ ఇద్దరికీ ఇండియా టికెట్లు వచ్చే డబ్బు.

ఉచితం అనగానే మనవాళ్లకు ఒక అనుమానం వస్తుంది, ఇందులో ఏదో మెలిక ఉంటుందని. మెలిక లేదు కానీ లెక్క ఉంది. స్టెప్‌చేంజ్, పేప్లాన్ వంటి సంస్థలు నడిచే ఖర్చును ప్రధానంగా అప్పిచ్చిన బ్యాంకులే భరిస్తాయి. తమకు వసూలైన మొత్తంలో కొంత భాగాన్ని ఆ సంస్థలకు ఇస్తాయి. మీ ఖాతాలో మాత్రం మీరు కట్టిన 200కు 200 జమ అవుతుంది. ఒక్కొక్కరి వెంటా పడి వసూలు చేసుకోవడం కంటే బ్యాంకుకు ఇదే చౌక. స్టెప్‌చేంజ్ నిన్న మొన్న పుట్టింది కాదు. 1993లో వేరే పేరుతో మొదలై 2012లో ఈ పేరు పెట్టుకున్న ధార్మిక సంస్థ. పేప్లాన్ ప్రైవేటు కంపెనీయే అయినా అప్పున్నవారి దగ్గర రుసుము తీసుకోదు. అయితే ఇలాంటి పేర్లను పోలిన పేర్లతో ప్రకటనలు ఇచ్చేవాళ్లు ఉంటారు. ఫోన్ చేసే ముందు ఆర్థిక సంస్థలను నియంత్రించే ఎఫ్‌సీఏ రిజిస్టర్‌లో ఆ పేరు, ఆ నంబరు సరిచూసుకోండి.

ఇక మీ భయాలు. డెట్ మేనేజ్‌మెంట్ ప్లాన్ చట్టపరమైన ఒప్పందం కాదు. బ్యాంకులను అది కట్టిపడేయదు, మిమ్మల్నీ కట్టిపడేయదు. కోర్టుకు వెళ్లే హక్కు వాళ్లకు ఈరోజూ ఉంది, మీరు మారాకా ఉంటుంది. క్రమం తప్పకుండా డబ్బు వస్తున్నంత కాలం వెళ్లడానికి వాళ్లకు పెద్దగా కారణం ఉండదు. కాబట్టి జాగ్రత్త పడాల్సింది మారేటప్పుడు వచ్చే ఆ ఒకటి రెండు నెలల ఖాళీ విషయంలో. (మీరు స్కాట్లండ్‌లో ఉండి ఉంటే కథ వేరు. అక్కడ డెట్ అరేంజ్‌మెంట్ స్కీం అని చట్టబద్ధమైన ఏర్పాటే ఉంది, వడ్డీ కూడా చట్టమే ఆపుతుంది.)

క్రెడిట్ రికార్డు విషయంలో చాలామంది పట్టించుకోని సంగతి ఒకటి ఉంది. ఒక ఖాతా మీద 'డిఫాల్ట్' (ఒప్పందం ప్రకారం కట్టలేదన్న గుర్తు) నమోదైతే, ఆ తేదీ నుంచి ఆరేళ్లకు ఆ ఖాతా మొత్తం రికార్డు నుంచి తొలగిపోతుంది, అప్పు ఇంకా తీరకపోయినా సరే. కంపెనీ మారినందువల్ల ఆ తేదీ మారదు. కానీ కొన్ని బ్యాంకులు డిఫాల్ట్ పెట్టకుండా 'ఒప్పందం ప్రకారం తక్కువ కడుతున్నారు' అనే గుర్తు మాత్రమే పెడతాయి. చూడటానికి అది మెత్తగా కనిపిస్తుంది. నిజానికి దాని మచ్చ ఎక్కువకాలం ఉంటుంది, ఎందుకంటే అప్పు తీరి ఖాతా మూసిన తర్వాత మరో ఆరేళ్లు ఉండిపోతుంది. ఈ రికార్డులు ఉంచే ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, ట్రాన్స్‌యూనియన్ సంస్థలు మూడూ నివేదిక ఉచితంగా ఇవ్వాలి. తెప్పించుకుని అయిదు ఖాతాల్లోనూ ఏ తేదీ ఉందో చూడండి. రెండేళ్లుగా తక్కువ కడుతున్నా డిఫాల్ట్ లేకపోతే, పాత తేదీతో నమోదు చేయమని ఆ బ్యాంకును అడగండి. కొత్త సంస్థ సలహాదారు ఈ ఉత్తరానికి సాయం చేస్తారు.

ఇప్పుడు వరస. ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. విషయం తెలిసిన రోజే కోపంతో పాత డైరెక్ట్ డెబిట్ (ఖాతా నుంచి నెలనెలా దానంతటదే వెళ్లే చెల్లింపు) రద్దు చేస్తారు, కొత్తది కుదిరేలోపు రుణదాతల ఫోన్లు మొదలవుతాయి. ముందు ఉచిత సంస్థతో మాట్లాడండి. జీతం స్లిప్పులు, అద్దె, కౌన్సిల్ ట్యాక్స్, కరెంటు, గ్యాస్ బిల్లులు దగ్గర పెట్టుకుని కూర్చోండి. ఖర్చుల పట్టిక మళ్లీ మొదటి నుంచి రాయిస్తారు. ఇంటికి పంపే డబ్బు దాచవద్దు, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఈ రెండేళ్లలో అద్దె పెరిగి ఉంటే మీరు కట్టగలిగేది 200 కాకుండా 180 అని తేలవచ్చు. తేలనివ్వండి. కౌన్సిల్ ట్యాక్స్, అద్దె బాకీలు ఏమైనా ఉంటే అవి ఈ ప్లాన్ కంటే ముందు కట్టాల్సినవి.

ఈలోగా పాత కంపెనీని లెక్క అడగండి: ఎవరికి ఎంత వెళ్లింది, ఎవరికి ఎంత మిగిలింది, ఏ అప్పును ఎవరికి అమ్మేశారు, రెఫరెన్స్ నంబర్లు ఏమిటి. ఒప్పందంలో రద్దు రుసుము ఉందేమో కూడా చదవండి. కొత్త ప్లాన్ మొదటి వాయిదా తేదీ ఖాయమయ్యాకే పాతది రద్దు చేయాలి. మధ్యలో ఒక నెల ఖాళీ వస్తే ప్రతి రుణదాతకు ఎంతో కొంత మీరే నేరుగా పంపండి.

మొహమాటం సంగతికి వస్తే, ఆ అబ్బాయితో ఫోన్‌లో మాట్లాడాల్సిన పనే లేదు. ఈమెయిల్‌లో మూడు వాక్యాలు చాలు: 'ఫలానా తేదీతో నా ప్లాన్ రద్దు చేయండి. నా తరఫున రుణదాతలతో మాట్లాడేందుకు ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకుంటున్నాను. ఇంకా పంచని డబ్బు ఉంటే నా ఖాతాకు పంపి చివరి లెక్క ఇవ్వండి.' ఆ రోజే బ్యాంకులో డైరెక్ట్ డెబిట్ రద్దు చేయండి. అతను ఫోన్ చేసి ఐవీఏ (ఇండివిడ్యువల్ వాలంటరీ అరేంజ్‌మెంట్) గురించి చెప్పవచ్చు. అది అయిదారేళ్లు మిమ్మల్ని చట్టపరంగా బంధించే ఒప్పందం, దాని రుసుములు దానికి ఉంటాయి. అయిదేళ్లలో పూర్తిగా తీర్చగల స్థితిలో ఉన్న మీకు దాని అవసరం నాకు కనిపించడం లేదు.

పోయిన 840 తిరిగి వస్తుందా? రుసుము తీసుకున్నంత మాత్రాన తప్పు కాదు కనుక పెద్ద ఆశ పెట్టుకోవద్దు. అయితే ఉచిత సలహా దొరుకుతుందని, అందుకు ప్రభుత్వ మద్దతుతో నడిచే మనీహెల్పర్ సేవను సంప్రదించవచ్చని మొదట్లోనే చెప్పడం ఈ కంపెనీల బాధ్యత. పాత ఉత్తరాలన్నీ తీసి చూడండి. ఆ మాట ఎక్కడా లేకపోతే కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఎనిమిది వారాల్లో జవాబు రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా ఇలాంటి వివాదాలు తేల్చే ఫైనాన్షియల్ ఆంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. దానికీ ఖర్చు లేదు.

మీరు అడగని విషయం ఒకటి. మీ జీతం ఇప్పటికీ ఓవర్‌డ్రాఫ్ట్ ఉన్న బ్యాంకులోనే పడుతోంది. బాకీ కింద ఆ జీతంలోంచి మినహాయించుకునే హక్కు ఆ బ్యాంకుకు ఉంది. ప్లాన్ మార్చడం కంటే ముందే, మీకు బాకీ లేని మరో బ్యాంకులో బేసిక్ ఖాతా తెరిచి జీతం అక్కడికి మార్చుకోండి. వీసా గురించి బెంగ వద్దు. ఈ ప్లాన్ ప్రభుత్వం ఇచ్చే భత్యం కాదు కాబట్టి ప్రభుత్వ భత్యాలు తీసుకోకూడదనే 'పబ్లిక్ ఫండ్స్' వీసా నిబంధనకు దీనితో సంబంధం లేదు.

గుంటూరు అప్పును సాధారణంగా ఇక్కడి ప్లాన్‌లో కలపరు. కానీ దాని వడ్డీకి పంపే డబ్బును ఖర్చుల పట్టికలో తప్పక చెప్పండి. కార్డు బాకీ ఆలస్యమైతే ఉత్తరాలు వస్తాయి. తాకట్టు గడువు దాటితే నగ వేలానికి వెళుతుంది. గడువు తేదీ రసీదు మీదే ఉంటుంది, ఈ వారమే ఫోటో తీయించి తెప్పించుకోండి.