ఎత్తు ఎక్కేటప్పుడు ఎమ్‌జీబీ లాగడం లేదంటే ముందు ఎక్కడ చూడాలి?

మీ ప్రశ్నలో చెప్పినది ఇదీ: ఇంగ్లండ్‌లో 1972 ఎమ్‌జీబీ జీటీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు కొన్నారు. ఊళ్లో తిరిగినంతసేపు బాగానే ఉంటుంది. మోటర్‌వే మీద ఇరవై నిమిషాలు పోయాక ఎత్తు రాగానే పికప్ పడిపోతుంది. పక్కన ఆపి పది నిమిషాలు ఉంటే మళ్లీ మామూలుగా నడుస్తుంది. గ్యారేజీలో ప్లగ్గులు, కాయిల్ మార్చినా తగ్గలేదు, ఇప్పుడు ఇంజిన్ దించాలంటున్నారు.

దయచేసి అప్పుడే దించనివ్వకండి. రింగులు అరిగినా, వాల్వులు కాలినా బండి పొద్దున్నుంచీ లాగదు, ఊళ్లో కూడా లాగదు. పది నిమిషాలు ఆపితే తిరిగొచ్చే పవర్ కథ వేరు.

నా దగ్గర 1971 రోడ్‌స్టర్ (పైకప్పు మడిచే ఎమ్‌జీబీ) ఉంది, నేనుండేది షెఫీల్డ్‌లో. రెండేళ్ల కిందట దానికి సరిగ్గా ఇదే జబ్బు వచ్చింది. లేడీబవర్ రిజర్వాయర్ దాటి స్నేక్ పాస్ అనే కొండదారి ఎక్కుతున్నాను. మూడో గేరులో యాక్సిలరేటర్ అడుగుదాకా తొక్కినా, వెనక నుంచి ఎవరో బంపర్ పట్టుకుని లాగుతున్నట్టు వేగం తగ్గిపోతూ వచ్చింది. వెనకాలే లారీ, ఒక్కటే టెన్షన్. ఎలాగో పక్కకు తీసి ఆపాను. కాసేపయ్యాక స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టు కొండ ఎక్కేసింది.

వేడెక్కాక చెడుతోంది కాబట్టి కాయిలో కండెన్సరో అయి ఉంటుందని నేనూ అనుకున్నాను. స్పార్క్ పుట్టించి ప్లగ్గులకు పంపే భాగాలు కాయిల్, కండెన్సర్, పాయింట్లు, రోటర్ నాలుగూ ఒకే రోజు మార్చేశాను. వారం తర్వాత అదే కొండ మీద మళ్లీ అంతే. ఇప్పుడు పాత జబ్బుకు తోడు, కొత్తగా వేసిన కండెన్సర్ మంచిదేనా అన్న అనుమానం కూడా పట్టుకుంది. ఈ రోజుల్లో దొరికే కండెన్సర్లలో నాసిరకం చాలా ఉంది మరి. అందుకే మీ పాత కాయిల్ పారేయకండి. మార్చేది ఏదైనా ఒక్కసారికి ఒక్కటే మార్చండి.

విజయవాడలో మా నాన్నగారికి అంబాసిడర్ ఉండేది. దానిలోని 1489 సీసీ ఇంజిన్, మీ ఎమ్‌జీబీలోని 1798 సీసీ ఇంజిన్ ఒకే కుటుంబం, రెండూ బ్రిటిష్ మోటర్ కార్పొరేషన్ (బీఎంసీ) వారి బీ సిరీసే. ఆటోనగర్‌లో ఆ కారు చూసే పెద్దాయన స్పానర్ పట్టుకునే ముందు బోలెడు ప్రశ్నలు వేసేవాడు. ఎప్పుడు ఆగింది, ఎత్తులోనా పల్లంలోనా, ఒక్కసారిగా పోయిందా మెల్లగా పోయిందా అని. స్నేక్ పాస్ మీద రెండోసారి ఆగినప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చాడు. మూడోసారి మరమ్మతు కోసం కాకుండా, గమనించడానికే పక్కన ఒక స్నేహితుణ్ని కూర్చోబెట్టుకుని వెళ్లాను.

పవర్ పోయే క్షణంలో రెండు సంగతులు చూడాలి. ఒకటి రెవ్ కౌంటర్, అంటే ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే మీటర్. ఎమ్‌జీబీలో దానికి సిగ్నల్ ఇగ్నిషన్ నుంచే వస్తుంది. కాయిల్‌కి కరెంటు తెగుతుంటే, బండి ఇంకా గేరులో పరిగెడుతుండగానే ముల్లు ఎగిరెగిరి పడుతుంది, లేదా సున్నాకు పడిపోతుంది. నా బండిలో ముల్లు నిలకడగా ఉండి, వేగంతో పాటు మెల్లగా దిగింది. రెండోది చోక్. ఈ కారులో ఉండే ఎస్‌యూ కంపెనీ కార్బురేటర్‌లో చోక్ లాగితే జెట్ కిందికి దిగి పెట్రోల్ ఎక్కువ పోతుంది. బండి నీరసించగానే నాబ్‌ను వేలెడు దూరం లాగాను. ఇంజిన్ గొంతు విప్పినట్టు ఒక్కసారి లాగింది, కొన్ని సెకన్లే, మళ్లీ పడిపోయింది. పెట్రోల్ చాలక అల్లాడుతున్న ఇంజిన్ లక్షణం ఇది. స్పార్క్ లోపమైతే చోక్ లాగినా బాగుపడదు.

మరి ఊళ్లో ఎందుకు బాగుంటుంది? కార్బురేటర్ల పక్కన ఫ్లోట్ చాంబర్లు ఉంటాయి కదా, చిన్న తొట్ల లాంటివి. మంచి ఎస్‌యూ పంపు గంటకు 15 గ్యాలన్లు, అంటే నిమిషానికి లీటరు పైనే పోస్తుంది. ఈ ఇంజిన్ పూర్తి బలంతో లాగుతున్నప్పుడు తాగేది నా లెక్కలో నిమిషానికి అర లీటరుకు దగ్గర. ఊళ్లో అందులో చిన్న వంతు చాలు, దారి సగం మూసుకుపోయినా తెలియదు. పొడవాటి ఎత్తులో మాత్రం వచ్చేదానికన్నా పోయేది ఎక్కువై తొట్లు ఖాళీ అవుతాయి. మీరు ఆపగానే మళ్లీ నిండుతాయి.

ఇంటికొచ్చి కొలిచాను. కాయిల్‌కి వచ్చే తెల్ల వైరు తీసి కొసకు టేపు చుట్టండి. ఇంజిన్ తిరగకుండా ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచితే కాయిల్, పాయింట్లు కాలతాయి. కార్బురేటర్ దగ్గర పెట్రోల్ గొట్టం విప్పి ఇనుప డబ్బాలో పెట్టి, ఇంకొకరిని తాళం తిప్పమనండి. ఇది ఆరుబయట, చల్లని ఇంజిన్ మీద, పక్కన మంటలార్పే సిలిండర్ పెట్టుకుని చేయాల్సిన పని. నిమిషానికి లీటరు రావాలి. నాకు మొదట ధార గట్టిగానే వచ్చింది. నలభై సెకన్లు దాటాక సన్నబడి దారంలా అయిపోయింది. అంటే పది సెకన్లు చూసి ఆపేస్తే మోసపోతాం, రెండు నిమిషాలైనా చూడండి.

పంపు శబ్దం కూడా వినండి. అది కారు వెనక కుడి చక్రానికి ముందు, కింద ఉంటుంది. టకటకా ఆగకుండా కొట్టుకుంటూ పెట్రోల్ రాకపోతే, ట్యాంకు వైపు ఎక్కడో గాలి పీలుస్తోంది. బరువుగా, ఆగి ఆగి కొడితే లాక్కోవడానికి దారి లేదు. నాది రెండో రకం. ట్యాంకు మూత తీసి చూశాను, ఉస్సుమని గాలి లోపలికి పోలేదు, ధార పెరగలేదు. మూతలోని గాలి రంధ్రం బాగానే ఉందన్నమాట. పంపులో చెత్తను ఆపే జాలీ విప్పాను, శుభ్రంగా ఉంది.

మిగిలింది ట్యాంకుకూ పంపుకూ మధ్య ఉన్న జానెడు రబ్బరు గొట్టం. అంతకుముందు ఓనరు వేయించినది. పైకి నల్లగా, నిగనిగలాడుతూ, ఒక్క పగులు లేకుండా ఉంది. అందుకే అన్నాళ్లూ దాని మీద అనుమానం రాలేదు. తీసి బ్లేడుతో పొడవునా కోశాను. లోపలి పొర గోడను వదిలేసి, కాచిన పాల మీద మీగడలా ముడతలు పడి వేలాడుతోంది. పంపు పీల్చినప్పుడల్లా ఆ పొర దారికి అడ్డంగా మడత పడుతుంది, పీల్చడం ఆపితే మెల్లగా వెనక్కి జారుతుంది. కొత్త గొట్టం, రెండు క్లిప్పులు వేశాక అదే కొండ మూడో గేరులో ఆగకుండా ఎక్కింది.

బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోల్ ఈ10 అయింది, అంటే 10 శాతం దాకా ఇథనాల్. పాత రకం రబ్బరుకు అది పడదు. నేను ఈ5 ఉండే సూపర్ పెట్రోలే పోయిస్తున్నాను, గొట్టాలన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకం, ఆర్9 అని అచ్చు ఉన్నవి వేశాను. 40 ఏళ్లు దాటిన కార్లకు ఎంఓటీ (బ్రిటన్‌లో బండ్లకు ఏటా చేసే భద్రతా పరీక్ష) తప్పనిసరి కాదు కాబట్టి, మనం చూడకపోతే ఆ గొట్టాలను ఏడాదికోసారైనా చూసేవారు లేరు. కిందికి దూరేటప్పుడు జాకీని నమ్మకండి, స్టాండ్లు పెట్టుకోండి.

ఒకవేళ మీకు ధార నిండుగా వచ్చి, చోక్‌కి తేడా లేకపోతే నేను చెప్పినది మీ బండికి వర్తించదు. అప్పుడు రెవ్ కౌంటర్ ముల్లు ఏం చెబుతోందో చూసి పాయింట్ల వైపు వెళ్లండి. గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. రోటర్‌ను వేళ్లతో కాస్త తిప్పి వదిలితే స్ప్రింగులా వెనక్కి రావాలి. రాకపోతే వేగం పెరిగేకొద్దీ స్పార్క్ పడే సమయం (టైమింగ్) ముందుకు జరగడం లేదు, బండి ఎక్కడా లాగదు. యాక్సిలరేటర్ తొక్కించి కార్బురేటర్ల బటర్‌ఫ్లైలు (గాలిని లోపలికి వదిలే రేకు తలుపులు) పూర్తిగా తెరుచుకుంటున్నాయో లేదో కూడా చూడండి. కాలి కింద కార్పెట్ మడత పడినా పవర్ తగ్గుతుంది. బ్రేకులు పట్టేస్తున్నా అంతే, అప్పుడు ఒక చక్రం మాత్రం విపరీతంగా వేడెక్కుతుంది. వాల్వుల దగ్గర ట్యాపెట్ల గ్యాప్ 0.38 మిల్లీమీటర్లు ఉండాలి, కంప్రెషన్ నాలుగు సిలిండర్లకూ దాదాపు సమానంగా ఉండాలి. ఈ రెండూ చూశాకే ఇంజిన్ మాట.

ముందు ఆ ధార కొలవండి. రెండు నిమిషాల్లో ఎంత వచ్చింది, చివరి అర నిమిషంలో సన్నబడిందా, పంపు ఎలా కొట్టుకుంది, ఈ మూడూ రాస్తే తర్వాత ఏం విప్పాలో చెబుతాను.