తలూపుతారు కానీ మారరు: కమ్యూనిటీ నర్సు ప్రశ్నకు సమాధానం

"రోజూ నడవమని ఇంటింటికీ తిరిగి చెబుతున్నాను, అందరూ సరే అంటారు, ఒక్కరూ నడవరు" అన్నారు మీరు. తెలియక కాదు, వాళ్లు అడగకముందే సలహా అందడం వల్ల కావచ్చు. మార్పు కోసం మనం వాదించే కొద్దీ, ఎందుకు కుదరదో వాళ్లు చెబుతూ పోతారు. ఈసారి ఇలా చేసి చూడండి.

1. రక్తపోటు చూశాక కాగితాలు పక్కన పెట్టి, "ముందుగా ఏది మార్చుకోవాలని ఉంది?" అని అడగండి.

2. "అది మీకెంత ముఖ్యం? 0 నుంచి 10 వరకు ఒక అంకె చెప్పండి."

3. చాలామంది వదిలేసేది ఇదే. 4 అన్నారనుకోండి. "8 ఎందుకు కాదు?" అంటే సాకులే వస్తాయి. "2 అనకుండా 4 ఎందుకన్నారు?" అని అడిగి ఆగండి. ఆ మౌనం ఇబ్బందిగానే ఉంటుంది, దయచేసి మీరు నింపకండి. "మనవడితో ఆడుకునే ఓపిక కావాలి" లాంటి మాట వాళ్ల నోటి నుంచే వస్తుంది. దాన్ని వాళ్ల మాటల్లోనే తిరిగి చెప్పండి, రాసుకోండి. (నడిస్తే ఛాతీలో నొప్పి, ఆయాసం అంటే మాత్రం ముందు వైద్యుడి దగ్గరికి పంపాలి.)

4. ఎప్పుడు, ఎంతసేపు అన్నది వాళ్లనే తేల్చనివ్వండి: "రాత్రి భోజనం కాగానే 10 నిమిషాలు." ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే వారానికి 150 నిమిషాల వ్యాయామం సంగతి తరువాత.

5. మళ్లీ వెళ్లినప్పుడు "చేశారా?" అనకుండా "ఎలా సాగింది?" అనండి.