ఏటీపీ లెక్క కంటే ముందు హిమోలిసిస్ (ఎర్ర కణాలు పగలడం) లెక్క

చిరంజీవి బిడ్డకు,

నీ పీజీ థీసిస్ టాపిక్ ఖాయమైందని అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఎర్ర రక్తకణాలు ఏటీపీ (కణాలకు శక్తినిచ్చే అణువు) వదలడం. మంచి టాపిక్, కానీ ఏమరితే పరువు తీస్తుంది. ఫిజియాలజీ ల్యాబులో ఏళ్ల తరబడి పనిచేసినవాణ్ని కాబట్టి, మీ గైడ్‌కు చెప్పే తీరిక ఉండనివి రాస్తున్నా.

పుస్తకంలోది నీకు తెలిసిందే. ఆక్సిజన్ వదిలిన హిమోగ్లోబిన్ కణం పొరలోని బ్యాండ్ 3 అనే ప్రోటీన్‌ను పట్టుకుంటుంది, కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు పెరుగుతుంది, పొరలోని పానెక్సిన్ 1 అనే ద్వారం గుండా ఏటీపీ బయటపడుతుంది అంటారు. అది రక్తనాళం లోపలి పొరకు తగిలితే నైట్రిక్ ఆక్సైడ్ పుట్టి నాళం వెడల్పవుతుంది. (ఊపిరితిత్తుల్లో మాత్రం ఆక్సిజన్ తగ్గితే నాళాలు ముడుచుకుంటాయి. వైవాలో ఇది అడగని ఎగ్జామినర్‌ను నేను చూడలేదు.) మనిషి కణాల్లో ఏటీపీ విడుదలను బెర్గ్‌ఫెల్డ్, ఫారెస్టర్ 1992లో చూపించారు. 2014లో ఇంకో బృందం, ఆ ఏటీపీలో ఎక్కువ భాగం పగిలిన కణాలదేనని వాదించింది. నీ థీసిస్ నిలబడేదీ పడేదీ ఇక్కడే.

లెక్క వేసి చూడు. కణం లోపల ఏటీపీ సుమారు 1 నుంచి 1.5 మిల్లీమోలార్. నువ్వు బయట వెతికేది నానోమోలార్లలో, అంటే మిల్లీమోలార్‌లో పదిలక్షల వంతుల్లో. 1 శాతం హెమటోక్రిట్ (ద్రవంలో ఎర్ర కణాల వాటా) ఉన్న ట్యూబులో వెయ్యి కణాలకు ఒకటి పగిలితే చాలు, బయట 10 నుంచి 15 నానోమోలార్ తేలుతుంది. కుండ పగిలి కారిన నీళ్లు వేరు, కుండలోంచి పోసిన నీళ్లు వేరు కదా! అందుకే ప్రతి ట్యూబులో కణాలు అడుక్కి దిగాక పైన మిగిలే ద్రవాన్నీ (పైద్రవం) హిమోగ్లోబిన్ బాగా పీల్చే 415 నానోమీటర్ల కాంతి దగ్గర చూసి, ఎంత హిమోగ్లోబిన్ కారిందో రాసిపెట్టు. కంటికి పింక్ రంగు కనబడిందంటే ఆ ట్యూబు సంగతి అప్పటికే అయిపోయినట్టే, పారబొయ్యి.

రక్తం తీసేటప్పుడు సన్న సూది వద్దు, చేతికి కట్టే పట్టీ (టోర్నికే) ఎక్కువసేపు బిగించొద్దు, సిరంజి గట్టిగా లాగొద్దు. బఫీ కోట్ (ఎర్ర కణాల మీద తేలే తెల్ల కణాలు, ప్లేట్‌లెట్ల పొర) పూర్తిగా తీసెయ్, ప్లేట్‌లెట్లలోనూ ఏటీపీ దండిగా ఉంటుంది. ఏ రోజు రక్తం ఆ రోజే వాడు.

ఆక్సిజన్ తగ్గించడానికి వాడే నైట్రోజన్‌ను ద్రవంలోకి బుడబుడ ఊదకు. నురగ లేచిందంటే కణాలు పగులుతాయి. నిమ్మళంగా పైపైన పారించు. బైకార్బొనేట్ బఫర్ (పీహెచ్‌ను నిలిపి ఉంచే ద్రావణం) వాడితే ఉత్త నైట్రోజన్ కార్బన్ డయాక్సైడ్‌ను తరిమేసి పీహెచ్‌ను పెంచుతుంది, అప్పుడు నువ్వు కొలిచింది ఆక్సిజన్ లేమినా, పీహెచ్ మార్పునా? 5 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిసిన గ్యాస్ తెప్పించు.

ఇంకో ఇరకాటం ఉంది. ఏటీపీని పట్టే మిణుగురు ఎంజైమ్ లూసిఫరేజ్‌కు వెలగడానికి ఆక్సిజనే కావాలి. ఆక్సిజన్ లేని ట్యూబులోనే కొలిస్తే ఏటీపీ ఉన్నా వెలుగు తగ్గుతుంది. పైద్రవం వేరుచేసి మామూలు గాలిలో కొలువు, స్టాండర్డ్‌లు (ఏటీపీ ఎంతో ముందే తెలిసిన నమూనాలు) కూడా అదే బఫర్‌లో, అదే గాలిలో చెయ్. ఎంజైమ్ ఐసులోనే ఉండాలి. మే నెల హనుమకొండలో మధ్యాహ్నం కరెంటు పోయిందంటే రూమ్ టెంపరేచర్ అన్న మాటకు అర్థమే ఉండదు, ఆ నెలంతా పని పొద్దున్నే పెట్టుకో.

రక్తం ఇచ్చే వాలంటీర్లకు సికిల్ సెల్ (ఎర్ర కణాలు కొడవలిలా వంగే వంశపారంపర్య జబ్బు) టెస్ట్ తప్పకుండా చేయించు. ఉట్నూరు వైపు గోండు, కోలాం ఊళ్ల నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్లలు మీ హాస్టళ్లలో ఉంటారు. సికిల్ కణాలు ఆక్సిజన్ తగ్గితే వంగి తేలిగ్గా పగులుతాయి. వాళ్లను వద్దనకు, వేరే గుంపుగా పెట్టు. ఎథిక్స్ కమిటీ కాగితాల్లో ఈ సంగతి ముందే రాయి, టెస్ట్‌లో తేలితే ఎవరికి చెప్పాలో కూడా.

గ్యాస్ సిలిండర్‌కు ఇండెంట్ (కావాలని రాసిచ్చే కాగితం) ఈ వారమే పెట్టు. అది వచ్చేసరికి నెలలు పడతాయి.

నీ పెద్దబాపు