మైల్డ్ ఆస్తమాకి రోజూ స్టెరాయిడ్ ఇన్హేలర్ ఎందుకు?

మైల్డ్ ఆస్తమా అన్నారు, ఆయాసం వచ్చినప్పుడు నీలం ఇన్హేలర్ కొడితే తగ్గిపోతోంది, మరి రోజూ స్టెరాయిడ్ దేనికి అని అడిగారు. నేను డాక్టర్‌ని కాను. ఏళ్ల తరబడి ఇదే మైల్డ్ ఆస్తమాతో ఉన్నవాణ్ణి.

మైల్డ్ అనేది ఆయాసం ఎంత వస్తోందో చూసి అనేది కాదు. జబ్బు అదుపులో ఉండటానికి ఎంత మందు పడుతోందో కొన్ని నెలలు చూసి తేలుస్తారు. తక్కువ మందుతో అణిగి ఉంటే మైల్డ్. అలాంటి వాళ్లకీ ఒక్కోసారి ఆసుపత్రిలో చేరాల్సినంత ఎటాక్ రావచ్చు.

నీలం ఇన్హేలర్‌లోని సాల్బుటమాల్ బిగుసుకున్న శ్వాసనాళాలను వదులు చేస్తుంది, లోపలి వాపు జోలికి పోదు. ఆ వాపుని తగ్గించేది స్టెరాయిడే. అందుకే 2019 నుంచి గినా (ఆస్తమా మీద పనిచేసే అంతర్జాతీయ నిపుణుల సంస్థ) మార్గదర్శకాలు పెద్దవాళ్లని సాల్బుటమాల్ ఒక్కదాని మీదే ఆధారపడొద్దంటున్నాయి. అయితే రోజూ స్టెరాయిడ్ ఒక్కటే దారి కాదు. బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్, శ్వాసనాళాలను వదులు చేసే ఫార్మొటెరాల్ కలిసిన ఇన్హేలర్‌ని ఆయాసం ఉన్నప్పుడే పీల్చే పద్ధతి ఉంది. ఫార్మొటెరాల్ నిమిషాల్లో ఉపశమనం ఇస్తుంది, దాంతోపాటే కాస్త స్టెరాయిడ్ లోపలికి పోతుంది. ఈ పద్ధతిని రోజూ స్టెరాయిడ్ వాడటంతో పోల్చి 2018లో వచ్చిన సిగ్మా అనే పరిశోధనల్లో తీవ్రమైన ఎటాక్‌లు రెండు పద్ధతుల్లోనూ దాదాపు సమానం. అవసరానికే పీల్చినవాళ్లకి పడ్డ స్టెరాయిడ్ మాత్రం రోజూ పీల్చేవాళ్లకి పడ్డదాంట్లో నాలుగో వంతో, ఇంకా తక్కువో. రోజువారీ లక్షణాలు మాత్రం రోజూ వాడిన వాళ్లకే కొంచెం మెరుగ్గా ఉన్నాయి. అప్పుడప్పుడు ఛాతీ కాస్త పట్టేసినా నాకు ఫర్వాలేదు కాబట్టి నేను అవసరానికే వాడతాను. ఆ మాత్రం కూడా వద్దనుకుంటే రోజూ వాడటమే మేలు.

అదుపులో ఉందో లేదో గత నాలుగు వారాలు గుర్తు చేసుకోండి. పగలు వారానికి రెండుసార్ల కంటే ఎక్కువ ఇబ్బంది పడ్డారా, రాత్రి ఆయాసంతో మెలకువ వచ్చిందా, నీలం ఇన్హేలర్ వారానికి రెండుసార్లు దాటిందా, ఏ పనైనా మానుకున్నారా? అన్నిటికీ లేదంటే బాగున్నట్టు. మూడు, నాలుగు అవునంటే అదుపు తప్పినట్టు.

అదుపు తప్పినా వెంటనే మోతాదు పెంచరు. సరిగ్గా పీలుస్తున్నానో లేదో చూడటానికి మా డాక్టర్ ముందు ఇన్హేలర్ చేతికిచ్చి పీల్చమన్నారు. స్ప్రే రకమైతే బాగా ఊపి, ఊపిరి వదిలేసి, నొక్కుతూ మెల్లగా లోతుగా పీల్చి, పది సెకన్లు బిగబట్టాలి. పౌడర్ రకమైతే దీనికి పూర్తిగా తేడా, గట్టిగా ఒక్కసారి లాగాలి. స్టెరాయిడ్ ఉన్నది రోజూ వాడితే తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోట్లో తెల్లపూత రావచ్చు.

రెండు మూడు నెలలు నిలకడగా ఉంటే తగ్గించమని మీరే అడగొచ్చు. జలుబు చేసినప్పుడో ప్రయాణాల ముందో మాత్రం వద్దు. స్టెరాయిడ్ ఇన్హేలర్ మొత్తానికే మానేయడం కూడా వద్దు. ఇంకోటి, ఏడాదిలో మీకు నీలం ఇన్హేలర్లు ఎన్ని ఖాళీ అవుతున్నాయి? మూడు, అంతకంటే ఎక్కువైతే ఎటాక్ ముప్పు ఎక్కువని అర్థం. ఈసారి వెళ్లినప్పుడు ఆ లెక్కే ముందు చెప్పండి.