మెడ, భుజాలు పట్టేస్తుంటే ఏ మసాజ్ మంచిది?

ప్రశ్న: నా వయసు 48. రోజంతా కంప్యూటర్ ముందు పని. ఆరు నెలలుగా మెడ, భుజాలు పట్టేస్తున్నాయి, ఎడమవైపు ఎక్కువ. సాయంత్రానికి తలనొప్పి కూడా వస్తోంది. మసాజ్ చేయించుకుందామంటే స్వీడిష్, డీప్ టిష్యూ, థాయ్ అని ఏవేవో పేర్లు చెబుతున్నారు. గట్టిగా నొక్కితేనే ఫలితం ఉంటుందని స్నేహితులు అంటున్నారు. ఏడాది కిందట గుండెకు స్టెంట్ వేశారు. రక్తం పలచబరిచే మాత్రలు రెండు వాడుతున్నాను. నాకు ఏది మంచిది?
- ఒక పాఠకుడు

జవాబు: స్టెంట్ సంగతి మీరు చివర్లో రాశారు. నేను అక్కణ్నుంచే మొదలుపెడతాను. ఎడమ భుజం నొప్పి మెట్లెక్కినప్పుడో, వేగంగా నడిచినప్పుడో వచ్చి, కాసేపు ఆగితే తగ్గుతోందా? అలాగైతే ముందు గుండె డాక్టర్‌ను కలవండి. ఛాతీలో బరువు, ఆయాసం, చెమటలు కూడా ఉంటే ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. అలా కాకుండా మెడ తిప్పినప్పుడు, చాలాసేపు కదలకుండా కూర్చున్నప్పుడు పెరుగుతుంటే కండరాల నొప్పి కావచ్చు.

ఒకసారి ఇలా చూసుకోండి. మెడకూ భుజానికీ మధ్య ఉన్న కండరాన్ని కుడిచేతి బొటనవేలికీ మిగతా వేళ్లకూ మధ్య పట్టుకుని మెల్లగా నొక్కండి. గింజంత గట్టి ముడి తగిలి, నొక్కగానే నొప్పి చెవి వెనక నుంచి కణత దాకా పాకితే అది ట్రిగ్గర్ పాయింట్. మీ సాయంత్రపు తలనొప్పికి అదే కారణం కావచ్చు.

ఇలాంటి ముడులకు చాలామంది డీప్ టిష్యూ చేయించుకుంటారు. అందులో పిడికిలితో, మోచేత్తో లోపలి పొరల దాకా ఒత్తుతారు. మీకు అది వద్దు. స్టెంట్ తర్వాత సాధారణంగా ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి మందులు వాడేవారికి గట్టిగా నొక్కితే కండరం లోపల రక్తం చేరి కమిలిపోవచ్చు. మసాజ్ కోసం ఆ మాత్రలు ఒక్కపూట కూడా మానకండి. స్టెంట్ మూసుకుపోయే ప్రమాదం ఉంది.

గుండె డాక్టర్ సరేనంటే మీకు స్వీడిష్ సరిపోతుంది. అరచేత్తో పొడవుగా నిమురుతూ, కండరాన్ని పిసుకుతూ తేలిక నుంచి మధ్యస్థ ఒత్తిడితో చేస్తారు. నొప్పిని 10కి కొలిస్తే 3 దాటకూడదు. మీకు తెలియకుండానే ఊపిరి బిగపట్టారంటే ఒత్తిడి ఎక్కువైనట్టే, వెంటనే చెప్పండి. మీ మందుల సంగతి కూడా పడుకునే ముందే చెప్పండి. థాయ్ మసాజ్‌లో శరీరాన్ని బాగా సాగదీస్తారు, దాని జోలికి ఇప్పుడు పోవద్దు. ఎక్కడైనా సరే, మెడను ఒక్కసారిగా తిప్పి టక్కుమనిపించనివ్వకండి. అరుదుగానే అయినా మెదడుకు వెళ్లే రక్తనాళం చీలి పక్షవాతం రావచ్చు.

ఇతర పాఠకుల కోసం ఒక మాట. ఒక కాలి పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే మసాజ్ చేయనే కూడదు. సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, ముందు స్కాన్ చేయించాలి.

వారానికోసారి చొప్పున నాలుగుసార్లు చేయించుకుని చూడండి. దాని హాయి కొద్దిరోజులే ఉంటుంది కాబట్టి స్క్రీన్ పైఅంచు కళ్ల ఎత్తుకు వచ్చేలా పెట్టుకుని, అరగంటకోసారి లేచి నడవండి. నాలుగుసార్ల తర్వాతా తగ్గకపోతే ఎముకల డాక్టర్‌కు చూపించండి. వేళ్లు తిమ్మిరెక్కుతున్నా, చేతిలో పట్టు తగ్గి వస్తువులు జారిపోతున్నా అన్నాళ్లు ఆగకుండా వెంటనే వెళ్లండి.