కత్తి ఎప్పుడిస్తారని అడిగావు కదా

చి. అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులు.

ఫుకుఓకాలో చదువుతోపాటు జోడో అనే జపాన్ కర్రవిద్య కూడా మొదలుపెట్టావని తెలిసి ఎంత సంతోషించానో చెప్పలేను. మూడు నెలలుగా కర్రతో అవే దెబ్బలు కొట్టిస్తున్నారు, కత్తి ఎప్పుడు పట్టుకోనిస్తారు అని అడిగావు. టోక్యోలో ఉద్యోగం చేసిన రోజుల్లో నేనూ ఇదే అడిగాను తల్లీ.

మనం నేర్చుకునే షింతో ముసో-ర్యూ సంప్రదాయంలో కతాలు, అంటే ఇద్దరు కలిసి చేసే కట్టిన వరుసలు, ఉంటాయి కదా, వాటిలో కర్రదే గెలుపు, కత్తి పట్టినవాళ్లు ఓడిపోవాలి. అందుకే చెక్క కత్తి, అదే బొకుతో, పెద్దవాళ్ల చేతిలో ఉంటుంది. ఓడటం అంత కష్టమైన పని. నువ్వెక్కడ తడబడతావో కనిపెడుతూ, నీ శక్తికి తగిన వేగంతో, నిజంగా తగిలేలాగే నరకాలి. మెత్తగా నరికితే నీకేమీ రాదు, తొందరపడి నరికితే నీకు దెబ్బ తగులుతుంది. నీ ఎదురుగా నిలబడ్డ సీనియర్ రోజూ నీకోసం ఆ పని చేస్తున్నారు.

ఒకసారి నేను కంగారులో కొంచెం ముందే కొట్టేశాను. కర్ర సీనియర్ బొటనవేలికి తగిలింది. ఆయన బొకుతో వదల్లేదు, కళ్లు నా మీదనుంచి తిప్పలేదు. కతా పూర్తిచేసి, వెనక్కి అడుగులేసి, వంగి నమస్కారం పెట్టాకే వెళ్లి చెయ్యి చన్నీళ్ల కింద పెట్టుకున్నారు. జపాన్ వాళ్లు ‘జన్‌షిన్’ అంటారే, పని అయిపోయాక కూడా చెదరని ఆ ధ్యాస, అదేమిటో నాకు ఆ రోజే అర్థమైంది.

ఇక దెబ్బల సంగతి. మొదటి దెబ్బలు ఎలాగో వస్తాయి. హికిఓతోషి అనే దెబ్బ దగ్గర మాత్రం ఏళ్లు పడుతుంది. భుజబలంతో కొడితే బొకుతో కదలదు, నీ మణికట్టు జివ్వుమంటుంది. తుంటి తిరుగుతుండగా కర్ర కత్తి పక్కనుంచి రాసుకుంటూ కిందికి జారితే టక్కున ఒక పొడి చప్పుడు వస్తుంది, ఎదుటివాళ్ల కత్తి పక్కకి, వెనక్కి కొట్టుకుపోతుంది. లెక్క ముఖ్యం కాదు. రోజుకి వంద కొట్టినా, ఆ చప్పుడు ఎన్నిసార్లు వచ్చిందో విను.

చిన్నప్పుడు ఊళ్లో నేర్చుకున్న కర్రసాము ఇక్కడ కొంత అడ్డమొస్తుంది. కర్ర తిప్పే అలవాటు పక్కన పెట్టు. ఇక్కడ తిప్పడం లేదు, చేతుల్లో జారడమే ఉంది. జో అంటే ఈ కర్రే, పొడవు సుమారు 128 సెంటీమీటర్లు, రెండు కొసలూ ఒకేలా ఉంటాయి. ఏ కొసతోనైనా పొడవచ్చు, కొట్టచ్చు. కర్ర చేతుల్లో జారాలి కాబట్టి దానికి వార్నిష్ వెయ్యొద్దు, చెయ్యి అంటుకుపోతుంది. అప్పుడప్పుడూ నాలుగు చుక్కలు అవిసె నూనె రాసి గుడ్డతో తుడిస్తే చాలు. ప్రాక్టీసుకి ముందు కర్రంతా వేలితో తడిమి చూడు. పేడు లేచి ఉంటే ఆ రోజు ఆ కర్ర ముట్టుకోకు, అది ఎదుటివాళ్ల కంట్లోకి ఎగరచ్చు. నేల మీద ఉన్న కర్రనీ కత్తినీ దాటి నడవకు. అడగకుండా వీడియో తియ్యకు.

సెలవురోజు ఒకసారి దజైఫు వెళ్లు. నీకు దగ్గరే. ఊరి వెనకున్న హోమన్ కొండ మీదే ఈ విద్య పుట్టిందంటారు. 17వ శతాబ్దం మొదట్లో ముసో గొన్నొసుకే అనే ఆయన పేరుమోసిన కత్తివీరుడు మియమోతో ముసాషి చేతిలో ఓడిపోయి, ఆ కొండ మీద దీక్ష చేశాడట. గుండ్రటి కర్ర పట్టుకుని ‘సుయిగెత్సు’ తెలుసుకో అని ఆయనకి కలలో వినిపించిందట. ఆ మాటకి నీటిలో చంద్రుడు అని అర్థం, పొట్ట పైన డొక్కల మధ్య ఉండే మర్మస్థానానికీ అదే పేరు. ఓడిన మనిషి కట్టిన విద్య ఇది. కొండ కింద కమాడో గుడి దగ్గర ఆయనకి చిన్న గుడి కూడా ఉంది. నా తరఫున ఒక దణ్ణం పెట్టు.

వచ్చే నెల మీ నాన్న వస్తున్నాడుగా, నా పాత జో పంపిస్తున్నాను. విమానంలో చేత్తో తీసుకెళ్లనివ్వరు, చెక్-ఇన్ సామానులో వెయ్యమన్నాను. మధ్యలో కాస్త నల్లబడి ఉంటుంది, అది నా చేతుల చెమట. గీకెయ్యకు.

ఇట్లు,
మీ పెదనాన్న